పిల్లలకు ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే) మందు వేయించడం: మా మేనల్లుడితో నేను నేర్చుకున్నది

మా అన్నయ్యా వదినా పోయాక వాళ్ల అబ్బాయి నా దగ్గరికి వచ్చేనాటికి వాడికి మూడేళ్లు. ఇప్పుడు పదిహేను. ఒక్కరోజు కూడా మందు మానలేదని చెప్పుకోవాలనే ఉంటుంది గానీ, మధ్యలో నాలుగు నెలలు మానేశాడు. ఆ సంగతీ చెబుతాను.

ముందు బరువు చూడండి. పిల్లల డోసు బరువును బట్టి మారుతుంది. ఓసారి ఏఆర్‌టీ సెంటర్లో తూయకుండానే పాత డోసు ఇచ్చి పంపబోతే, నేనే పట్టుబట్టి త్రాసు ఎక్కించాను. మూడు కిలోలు పెరిగాడు! డోలుటెగ్రావిర్ అనే ఏఆర్‌టీ మందులో, నీళ్లలో కరిగే 10 మి.గ్రా. మాత్ర నాలుగు వారాలు నిండి, 3 కిలోలున్న పసిబిడ్డకు కూడా ఇవ్వొచ్చు. 20 కిలోలకు వస్తే 50 మి.గ్రా. మాత్ర. పదేళ్లు నిండి 30 కిలోలు దాటితే మూడు మందులూ కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒకసారి. మావాడు లోపినావిర్ అనే పాత మందు సిరప్ తాగిన రోజుల్లో ఆ చేదుకి ముందో బెల్లం ముక్క, తర్వాతో బెల్లం ముక్క పెట్టేదాన్ని. ఇప్పటి పిల్లల తల్లులు అదృష్టవంతులు.

డోలుటెగ్రావిర్‌కి మారుస్తామంటే నాకూ టెన్షన్ వచ్చింది. డాక్టరుగారు ఒడిస్సీ అధ్యయనం గురించి చెప్పారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఆఫ్రికా, థాయ్‌లాండ్, యూరప్‌లలో 700 మందికి పైగా పిల్లల్ని చూశారట. 96 వారాలకు ఈ మందు వాడినవాళ్లలో 14 శాతం మందికి చికిత్స ఫెయిలైంది, వేరే మందులు వాడినవాళ్లలో 22 శాతం.

టైము రాత్రి ఎనిమిది పెట్టుకున్నాం. దానికో కారణం ఉంది. స్కూల్లో వారానికోసారి మధ్యాహ్నం భోజనమయ్యాక నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. ఐరన్, కాల్షియం, గ్యాస్ మందు డోలుటెగ్రావిర్‌ని ఒంటికి పట్టనివ్వవు. వాటికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా వేయాలి. ఒంటిగంటకి ఐరన్ వేసుకున్నా ఎనిమిదింటికి ఇబ్బంది లేదు. టీబీ మందు మొదలుపెడితే మాత్రం తప్పకుండా చెప్పండి, డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు వేయాల్సి రావచ్చు. ఒకపూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి, మర్నాడు రెండూ కలిపి వేయకండి.

అబాకావిర్ అనే మరో ఏఆర్‌టీ మందు మొదలుపెడితే తొలి ఆరు వారాలు కనిపెట్టుకుని ఉండాలి. జ్వరం, దద్దుర్లు, వాంతులు, ఆయాసం... వీటిలో రెండు మూడు కలిసి వస్తే ఆ రోజే సెంటరుకి పరుగెత్తండి. పడలేదని డాక్టరు ఆపిస్తే ఇక జన్మలో ఆ మందు వేయకూడదు. రెండోసారి వేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఇక ఆ నాలుగు నెలల సంగతి. వాడికి పన్నెండేళ్లప్పుడు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) 18,000 వచ్చింది, అంటే బాగా ఎక్కువ. సెంటర్లో డబ్బా తెరిచి మాత్రలు లెక్కపెడితే లెక్క సరిగ్గానే ఉంది. మందు పని చేయడం లేదనుకున్నాను. ఓ ఆదివారం బియ్యం డ్రమ్ము జరిపితే దాని వెనక తెల్లటి మాత్రలు, కొన్నింటికి చీమలు పట్టి ఉన్నాయి. కొట్టబోయి ఆగాను. ఎందుకు వేసుకోవాలో వాడికి నేనెప్పుడూ చెప్పలేదు, ‘బలం మందు’ అనేదాన్ని. బలంగా ఉన్న కుర్రాడు బలం మందు ఎందుకు మింగుతాడు?

కౌన్సిలర్ మేడమ్ పక్కన కూర్చోగా చెప్పాను. నీ ఒంట్లో హెచ్ఐవీ అనే వైరస్ ఉంది, ఈ మాత్ర దాన్ని నిద్ర లేవనివ్వదు అని. వాడు మొదట అడిగింది, “అమ్మానాన్నలకీ ఇదేనా అత్తా?” బడికెళ్లే వయసు నుంచే కొద్దికొద్దిగా చెప్పుకుంటూ రావాలని మేడమ్ అన్నారు. నేను ఆలస్యం చేశాను, మీరు చేయకండి. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే వైరస్ దొరకలేదు.

బడిలో చెప్పాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు.

ఇప్పుడు అలారం వాడి ఫోన్లోనే. ఎనిమిదింటికి మోగితే పక్కింటి పిన్నిగారు “హోంవర్కు టైమా?” అంటారు. “అవునండీ” అని లోపలికి వెళ్తాడు.