ఓడ మీద మెరైన్ల కాపలా: తుపాకీ దాకా రాకముందు చేయాల్సిన పనులు

సముద్రపు దొంగల నుంచి సరుకు ఓడకు కాపలాగా ఎక్కే మెరైన్ల (నౌకాదళ సైనికుల) దళం చిన్నది. అనుమానపు పడవ ఎంత దూరంలో కంటపడింది, అది ఎవరిదని తేలింది అన్నదాన్ని బట్టే మిగతా కథంతా నడుస్తుంది.

ఎక్కిన రోజే కెప్టెన్‌తో కూర్చుని కొన్ని సంగతులు రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఓడ దారి, వేగం కెప్టెన్ చేతిలోనే ఉంటాయి. హెచ్చరిక కాల్పులకు ఎవరు ఆజ్ఞ ఇస్తారు, ఎప్పుడు? అలారం మోగితే సిబ్బంది ఎక్కడ చేరాలి? పడవ మీదికొచ్చాక వీటి మీద చర్చకు టైముండదు.

తర్వాత ఓడంతా నడిచి చూడాలి. డెక్కు నీటికి దగ్గరగా ఉన్న చోటు, బ్రిడ్జి (ఓడను నడిపే గది) నుంచి కనపడని చోటు తరచూ అమరం (ఓడ వెనక భాగం) దగ్గరే కలుస్తాయి. సరుకు నిండితే ఓడ ఇంకా కిందికి దిగుతుంది, కాబట్టి ఖాళీ ఓడ మీద వేసిన లెక్క చెల్లదు.

బ్లేడు తీగ చుట్టల్ని రెయిలింగుకు బయటివైపు కట్టాలి. లోపల కడితే నిచ్చెన కొక్కెం రెయిలింగును హాయిగా పట్టేస్తుంది. తీగ కలిసొస్తుందని చుట్టను మరీ సాగదీస్తే మనిషి దూరే సందు మిగులుతుంది. చుట్టల మధ్యగా ఉక్కుతాడు పోనిచ్చి ఓడకు బిగించకపోతే కొక్కెం వేసి లాగేస్తారు. మందపాటి తోలు గ్లవుజులు లేకుండా ఈ పనికి దిగొద్దు.

కాపలాకు నాలుగు గంటల డ్యూటీ, ఎనిమిది గంటల విశ్రాంతి అన్న పాత పద్ధతే మేలు. బైనాక్యులర్ 7×50 (ఏడు రెట్లు పెద్దగా చూపేది) చాలు. అంతకన్నా పెద్దదైతే ఓడ కుదుపుకు దృశ్యం నిలవదు. రాడార్‌ను ఒక్కదాన్నే నమ్మకూడదు: ఫైబర్ పడవ దాని మీద బలహీనంగా పడుతుంది, అలల గుర్తుల్ని తెర మీంచి తగ్గించే సీ క్లటర్ నాబ్ ఎక్కువ తిప్పితే అలలతోపాటు పడవ చుక్కా తెర మీంచి పోతుంది.

టైము లెక్క ముందే వేసుకోవాలి. ఓడ వేగం 12 నాట్లు, పడవ వేగం 25 నాట్లు అనుకోండి (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే సుమారు 1.85 కిలోమీటర్లు). వెనకనుంచి తరిమితే రెండు నాటికల్ మైళ్లు తగ్గడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఎదురుగా వస్తే మూడు నిమిషాలే.

దగ్గరికొచ్చే ప్రతి పడవా దొంగది కాదు. వల ఓడ కింద పడి తెగుతుందని జాలర్లు ఎదురొచ్చి చేతులూపుతారు. కొన్ని తీరాల్లో వాళ్ల దగ్గరా తుపాకీ ఉంటుంది, కనుక తుపాకీ ఒక్కటే రుజువు కాదు. వలలున్నాయా, పొడవాటి నిచ్చెన ఉందా చూడాలి. చేపలు పట్టడానికి నిచ్చెనతో పనేమిటి? 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి సుమారు 20 నాటికల్ మైళ్ల దూరంలో, ఇటలీ చమురు ఓడ ఎన్రికా లెక్సీ మీది మెరైన్ల కాల్పుల్లో సెయింట్ ఆంటోనీ పడవలోని ఇద్దరు జాలర్లు చనిపోయారు. దొంగల పడవ అనుకున్నామన్నది ఇటలీ వాదన. వ్యవహారం హేగ్‌లోని మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 10 కోట్ల రూపాయల పరిహారం జమయ్యాక 2021లో మన సుప్రీంకోర్టు కేసు మూసేసింది.

అనుమానం గట్టిపడితే వేగం పెంచమని కెప్టెన్‌కు చెప్పాలి. హారన్, సెర్చ్‌లైట్, వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ చానెల్‌లో పిలుపు. చుక్కాని గట్టిగా తిప్పితే ఓడ వేగమే పడిపోతుంది, చిన్న మలుపులు చాలు. మెరైన్లు తుపాకీలు కనపడేలా నిలబడితే చాలాసార్లు పడవ అక్కడే తిరిగిపోతుంది. పోకపోతే హెచ్చరిక కాల్పులు, అదీ పడవకు దూరంగా నీళ్లలోకి. మనుషుల మీద కాల్చడం ప్రాణాపాయం ఎదుటే ఉన్నప్పుడు మాత్రమే. ప్రతి మెట్టుకూ సమయం, దూరం రాయాలి, వీడియో తీయాలి. చివర్లో గుండ్ల లెక్క లాగ్‌బుక్‌తో సరిపోవాలి.

దొంగలు ఎక్కేలా ఉంటే సిబ్బంది సిటడెల్‌లోకి (లోపలినుంచి మూసుకునే గట్టి రక్షణ గదిలోకి) వెళ్లాలి. తలుపేసే ముందు తలలు లెక్కపెట్టండి. ఒక్కరు బయట మిగిలినా ఆ మనిషి బందీ అవుతాడు, సాయానికొచ్చిన నౌకాదళం ఓడ మీదికి దిగడానికి వెనకాడుతుంది. లోపలి శాటిలైట్ ఫోనుకు యాంటెన్నా బ్రిడ్జితో సంబంధం లేకుండా విడిగా ఉండాలి. ఫోను పనిచేస్తోందో లేదో తలుపు మూసి, లోపలినుంచే పరీక్షించాలి.