పత్రాల ఆటోమేషన్ నేర్చుకుందాం – 6వ పాఠం: పీడీఎఫ్, చిత్రాల అవుట్‌పుట్ సెట్టింగులు

పోయిన పాఠంలో టెంప్లేట్‌కి డేటా షీట్‌ని కలిపాం. పేరు, తేదీ, నంబరు ఫీల్డులు వాటంతట అవే నిండుతున్నాయి. ఇక పని అయిపోయినట్టే అనిపిస్తుంది, చెయ్యి రన్ బటన్ మీదికి పోతుంది. ఒకసారి నేనూ అలాగే నొక్కేశాను. 600 సర్టిఫికెట్లు తయారయ్యాయి, ఒక్కోటి 3 ఎంబీ. మొత్తం 1.8 జీబీ! మెయిల్లో పంపబోతే సగం వెనక్కి వచ్చాయి. తప్పంతా టెంప్లేట్ మూలన పెట్టిన రెండు సెంటీమీటర్ల లోగోది. ఆ లెక్క కాసేపట్లో చూద్దాం.

ఈరోజు అవుట్‌పుట్ సెట్టింగుల పేజీ తెరుద్దాం. దాన్ని ఒక సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పోర్ట్ అంటుంది, ఇంకొకటి కన్వర్షన్ అంటుంది. పేరేదైనా లోపల ఉండేవి దాదాపు ఇవే.

పీడీఎఫ్ కావాలా, చిత్రం కావాలా?

పీడీఎఫ్‌లో అక్షరం అక్షరంగానే, గీత గీతగానే ఉంటాయి. ఎంత జూమ్ చేసినా మసకబారవు. చిత్రం అలా కాదు, అది చుక్కల గళ్ల కాగితం. పేజీని చిత్రంగా మార్చారంటే అందులో అక్షరాలుండవు, అక్షరాల్లా కనిపించే చుక్కలుంటాయి. వెతకలేం, కాపీ చేయలేం, చూపు లేనివాళ్లకు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి అక్కడ చదవడానికి ఏమీ దొరకదు. అందుకే మనుషులు చదివి దాచుకునే పత్రాలన్నీ పీడీఎఫ్‌లోనే ఇవ్వండి. చిన్న ప్రివ్యూ బొమ్మ కావాలన్నా, అవతలి సిస్టమ్ చిత్రాలే తీసుకుంటుందన్నా అప్పుడు చిత్రం.

ఇక్కడొక బోను ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో పీడీఎఫ్ సెట్టింగుల కిందే 'పేజీని చిత్రంగా మార్చు' అనే టిక్ ఉంటుంది. ఎవరూ మార్చకుండా ఉంటుందని దాన్ని ఆన్ చేస్తారు. పేరుకి పీడీఎఫ్ వస్తుంది, లోపల ఉండేది ఫొటో. అనుమానం వస్తే మౌస్‌తో ఒక పదాన్ని సెలెక్ట్ చేసి చూడండి. ఎంపిక కాకపోతే అది బొమ్మే. ఫామ్ ఫీల్డులను 'ఫ్లాటెన్' చేయడం మాత్రం వేరే సంగతి. గళ్లలో నింపిన సమాచారం పేజీలో కలిసిపోతుంది, అక్షరాలు అక్షరాలుగానే మిగులుతాయి. దానికి భయపడక్కర్లేదు.

డీపీఐ లెక్క

పీడీఎఫ్ తన పేజీని పాయింట్లలో కొలుస్తుంది. అంగుళానికి 72 పాయింట్లు. ఏ4 కాగితం 210 × 297 మిల్లీమీటర్లు, అంటే సుమారు 595 × 842 పాయింట్లు. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకె. ఈ పేజీని 72 డీపీఐలో చిత్రంగా మారిస్తే అన్నే పిక్సెళ్లు వస్తాయి, చిన్న అక్షరాలు చదవడం కష్టం. 150 డీపీఐలో 1240 × 1754, 300లో 2480 × 3508 పిక్సెళ్లు.

డీపీఐ రెట్టింపు చేస్తే పిక్సెళ్లు రెట్టింపు కావు, నాలుగింతలవుతాయి. 300 డీపీఐ రంగుల పేజీకి పిక్సెల్‌కి మూడు బైట్ల చొప్పున మెమరీలో దాదాపు 26 ఎంబీ పడుతుంది. సేవ్ అయ్యాక ఫైలు చిన్నదే కావచ్చు, కానీ తయారయ్యేటప్పుడు అంత చోటూ కావాలి. వందల పేజీల బ్యాచ్ మధ్యలో ఆగిపోయిందంటే ముందుగా ఈ అంకెనే చూడండి. నా అలవాటు: తెర మీద చూసేవాటికి 150, అచ్చుకి గానీ ఓసీఆర్‌కి (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కి) గానీ వెళ్లేవాటికి 300. మామూలు పత్రాలకు అంతకు మించి పెట్టాల్సిన అవసరం నాకు రాలేదు.

ఇప్పుడు ఆ లోగో సంగతి. దాని అసలు వెడల్పు 4000 పిక్సెళ్లు. టెంప్లేట్‌లో రెండు సెంటీమీటర్లకు కుదించి పెట్టాను. మూలన లాగి చిన్నది చేస్తే కంటికి చిన్నగా కనిపిస్తుందే తప్ప లోపలి పిక్సెళ్లు ఎక్కడికీ పోవు. రెండు సెంటీమీటర్లంటే ముప్పావు అంగుళం కంటే కాస్త ఎక్కువ. అంటే అంగుళానికి ఐదు వేల పైచిలుకు పిక్సెళ్లు! అచ్చుకి 300 చాలనుకుంటే ఆ లోగోకి కావలసింది 236 పిక్సెళ్లే. ఇలాంటివాటి కోసమే పీడీఎఫ్ సెట్టింగుల్లో 'డౌన్‌శాంపుల్' ఉంటుంది. 450 డీపీఐ దాటిన చిత్రాలను 300కి తగ్గించమని చెబితే చాలు. లోగో వెక్టర్ రూపంలో, అంటే చుక్కలుగా కాక గీతలుగా, దొరికితే ఈ గొడవే లేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. 100 పిక్సెళ్ల లోగోని పెద్దగా సాగదీసి, సెట్టింగుల్లో 600 డీపీఐ పెట్టినా అది స్పష్టంగా మారదు. లేని వివరం ఎక్కడి నుంచి వస్తుంది?

జేపెగ్, పీఎన్‌జీ

ఫొటోలకు జేపెగ్, అక్షరాలూ గీతలూ ఉన్నవాటికి పీఎన్‌జీ. జేపెగ్ బొమ్మని 8 × 8 పిక్సెళ్ల ముక్కలుగా కోసి, కంటికి ఆనని వివరాన్ని వదిలేస్తుంది. ఫొటోలో ఆ తేడా తెలియదు. తెల్ల కాగితం మీది నల్ల అక్షరం చుట్టూ మాత్రం మురికిలా తేలుతుంది. క్యూఆర్ కోడ్‌కి ఇది మరీ చేటు, గళ్ల అంచులు చెదిరితే స్కానర్ తికమకపడుతుంది. జేపెగ్ తప్పదంటే నాణ్యత 85 దగ్గర ఉంచండి. ఇంకో మాట, జేపెగ్‌లో పారదర్శకత ఉండదు. వెనక రంగు లేని లోగో నల్ల పెట్టెలో ప్రత్యక్షమైతే కంగారు పడకండి, బ్యాక్‌గ్రౌండ్ రంగు తెలుపు అని సెట్ చేస్తే సరి.

ఫాంట్లు

తెలుగు పత్రాలు చేసేవాళ్లు అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. టెంప్లేట్ మీ కంప్యూటర్లో తయారవుతుంది, పీడీఎఫ్ మాత్రం చాలాసార్లు ఎక్కడో సర్వర్లో తయారవుతుంది. మీరు వాడిన ఫాంట్ ఆ సర్వర్లో లేకపోతే సాఫ్ట్‌వేర్ నోరెత్తకుండా మరో ఫాంట్ పెట్టేస్తుంది. అందులో తెలుగు లేకపోతే పేరు స్థానంలో డబ్బాలు. తెలుగు ఉన్నా, ఒత్తులు కలపడం ఆ సాఫ్ట్‌వేర్‌కి సరిగా రాకపోతే అక్షరాలు విడిపోయి పక్కపక్కనే నిలబడతాయి. కాబట్టి ఫాంట్‌ని సర్వర్లో కూడా ఇన్‌స్టాల్ చేయండి, 'ఫాంట్లను ఎంబెడ్ చేయి' (ఫాంట్‌ని ఫైల్లోనే చేర్చడం) ఆన్ చేయండి. దాని పక్కన 'సబ్‌సెట్' అని ఉంటే అదీ ఆన్ చేయండి. అప్పుడు పత్రంలో వాడిన అక్షరాలు మాత్రమే ఫైల్లోకి వెళ్తాయి, బరువు తగ్గుతుంది.

పరీక్షకి 'రాము' లాంటి పేరు పెట్టి లాభం లేదు. 'జ్యోత్స్న' పెట్టండి. మూడు హల్లుల సంయుక్తం సరిగ్గా వచ్చిందంటే చాలావరకు గట్టెక్కినట్టే. తర్వాత పీడీఎఫ్ రీడర్లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్ల జాబితా చూడండి. మీ ఫాంట్ పేరు పక్కన ఎంబెడెడ్ అని ఉండాలి.

పీడీఎఫ్/ఏ, పాస్‌వర్డ్

ఏళ్ల తరబడి దాచాల్సిన పత్రాల కోసం 2005లో ఐఎస్ఓ 19005 పేరుతో వచ్చిన ప్రమాణం పీడీఎఫ్/ఏ. ఫాంట్లన్నీ ఫైల్లోనే ఉండి తీరాలి, జావాస్క్రిప్ట్ ఉండకూడదు, పాస్‌వర్డ్ ఉండకూడదు. మొదటి రూపం పారదర్శకతను కూడా ఒప్పుకోదు, 2011 నాటి రెండోది ఒప్పుకుంటుంది. మూడోది 2012లో వచ్చింది, దానికి ఏ రకం ఫైలునైనా జతచేయవచ్చు. అవతలివాళ్లు ఫలానాదే కావాలని అడగకపోతే 2బీ, అంటే రెండో రూపంలోని ప్రాథమిక స్థాయి, ఎంచుకోండి.

పీడీఎఫ్/ఏ, పాస్‌వర్డ్ రెండూ టిక్ చేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎర్రర్ ఇస్తాయి, కొన్ని మాట్లాడకుండా ఒకదాన్ని వదిలేస్తాయి. ఏది వదిలేసిందో ఫైలు తెరిచి చూడాల్సిందే. పాస్‌వర్డుల్లోనూ రెండు రకాలున్నాయి. తెరవడానికి పెట్టేది నిజమైన తాళం. ప్రింట్, కాపీ వద్దని పెట్టేదాన్ని పాటించడం రీడర్ సాఫ్ట్‌వేర్ మర్యాద మీద ఆధారపడి ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి.

అభ్యాసం

డేటా షీట్‌లో మూడే వరసలు ఉంచండి. ఒకదాంట్లో అతి పొడవైన పేరు, ఒకదాంట్లో 'జ్యోత్స్న', ఒకదాంట్లో పేరు ఖాళీ. వీటిని ఒకసారి పీడీఎఫ్‌గా, ఒకసారి 150 డీపీఐ పీఎన్‌జీగా, ఒకసారి నాణ్యత 40తో జేపెగ్‌గా తీయండి. తొమ్మిది ఫైళ్ల సైజులూ కాగితం మీద రాసుకోండి, ప్రతిదాన్నీ 400 శాతం జూమ్‌లో చూడండి. తర్వాత డౌన్‌శాంపుల్ ఆన్ చేసి పీడీఎఫ్‌లను మళ్లీ తీసి, కొత్త సైజులు పక్కన వేయండి. ఈ కాగితం పారేయకండి, ఫైళ్ల పేర్లు వాటంతట అవే పడేలా చేసే 7వ పాఠాన్ని ఈ మూడు వరసలతోనే మొదలుపెడతాం.