సీసం లేని పీజో పొడి, 3వ పాఠం: టైటానియానికి నీళ్లు ఎప్పుడు తగలాలి?

నొక్కితే కరెంటు పుట్టించే పీజో పదార్థాల్లో ఒకటైన పీజెడ్‌టీ (లెడ్ జిర్కొనేట్ టైటనేట్) బరువులో 60 శాతానికి పైగా సీసమేనని, అందుకే మనం బేరియం టైటనేట్‌తో మొదలుపెడుతున్నామని గత రెండు పాఠాల్లో చూశాం. ఇక బీకరు దగ్గరికి వద్దాం.

పొడులు కలిపి, నూరి, కాల్చే పాత పద్ధతిలో బేరియం కార్బొనేట్ రేణువూ టైటానియం డయాక్సైడ్ రేణువూ పక్కపక్కనే ఉన్నా, వాటి అయాన్లు ఒకదాన్నొకటి చేరడానికి 1100 డిగ్రీల దాకా వేడి కావాలి. ద్రావణంలో అవి ముందే కలిసిపోతాయి కాబట్టి వందల డిగ్రీలు తగ్గుతాయి. కానీ కలపడమే కష్టం. బేరియం ఎసిటేట్ నీళ్లలో హాయిగా కరుగుతుంది. టైటానియం కోసం వాడే ద్రవం, టైటానియం ఐసోప్రొపాక్సైడ్‌కు మాత్రం నీటి చుక్క తగిలితే చాలు, తెల్లగా విరిగిపోతుంది. ఈ పాఠమంతా ఆ గొడవ తీర్చడం గురించే.

ముందు నీళ్ల సంగతి. నల్లగొండ, పాలమూరు వాళ్లకు నీళ్ల గురించి ఒకరు చెప్పాలా అంటారేమో. మన బోర్లలో అందరికీ తెలిసిన శత్రువు ఫ్లోరైడ్. ఈ పనిలో కొంప ముంచేది మాత్రం సల్ఫేట్. బేరియం కనబడితే చాలు, దాన్ని పట్టుకుని కరగని తెల్ల పొడిగా అడుక్కి దింపేస్తుంది. జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన, మన జిల్లా పేరుతోనే ఉన్న 'నల్లగొండ టెక్నిక్'లో ఫ్లోరైడ్‌ను తీసేది పటిక, సున్నంతో. అందులో వేసే పటిక అల్యూమినియం సల్ఫేటే. అంటే తాగడానికి బాగుపడిన నీళ్లే మన బీకరుకు పనికిరాకుండా పోతాయి.

అనుమానముంటే టెస్ట్‌ట్యూబులో ఆ నీళ్లు తీసుకుని చిటికెడు బేరియం ఎసిటేట్ వేయండి. మసకబారితే నాలుగు చుక్కల ఎసిటిక్ యాసిడ్ పోయండి. మసక విడిపోతే అది కార్బొనేట్, అలాగే ఉండిపోతే సల్ఫేట్. ఫిల్టర్ నీళ్ల క్యాన్ ఈ పరీక్షలో నెగ్గినా సరే, వాడొద్దు. అందులో మిగిలిన కాల్షియం తర్వాత స్ఫటికంలో బేరియం కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే దారి లేదు.

ఇంకో మాట. సీసం లేదు కదా అని ధైర్యం వద్దు. నీళ్లలో కరిగే బేరియం లవణాలు విషం. ఎక్స్‌రేకి ముందు ఆసుపత్రిలో తాగించే బేరియం సల్ఫేట్ ఏమీ చేయదంటే, అది కరగదు కాబట్టే. చేతికి గ్లోవ్స్ వేసుకుని, కాలేజీ ల్యాబులో ఫ్యూమ్ హుడ్ కిందే చేయండి, ఇంట్లో వద్దు. కడిగిన నీళ్లన్నీ ఒక సీసాలో పట్టి సోడియం సల్ఫేట్ కలిపితే బేరియం అడుక్కి దిగుతుంది. ఇందాక తిట్టుకున్న సల్ఫేటే ఇక్కడ పనికొస్తుంది.

కొలతలు 0.02 మోల్‌కు వేసుకుందాం. బేరియం ఎసిటేట్ 5.11 గ్రా., టైటానియం ఐసోప్రొపాక్సైడ్ 5.68 గ్రా. అంతా సవ్యంగా జరిగితే చివరికి 4.66 గ్రా. పొడి వస్తుంది. సీసా మీద 97 శాతం అని ఉంటే 5.68ని 0.97తో భాగించి 5.86 గ్రా. తీసుకోవాలి. అయితే ఎప్పుడో తెరిచిన సీసా లేబుల్‌ను నేను నమ్మను. మూత చుట్టూ తెల్లటి పెచ్చు కట్టిందంటే గాలిలోని తేమ అప్పటికే లోపలికి పోయినట్టే. తూకం వేసిన క్రూసిబుల్‌లో 1 గ్రా. తీసుకుని, చుక్క చుక్కగా నీళ్లు వేసి, ఆరబెట్టి, 900 డిగ్రీల దగ్గర కాల్చి మళ్లీ తూచండి. స్వచ్ఛమైనదైతే 0.281 గ్రా. టైటానియం డయాక్సైడ్ మిగలాలి. 0.270 వచ్చిందంటే బలం 96 శాతమే, లెక్క దాంతోనే వేయండి. ఇదొక అదనపు పని అనిపిస్తుంది. కానీ టైటానియం ఎక్కువైనా, బేరియం ఎక్కువైనా కాల్చాక వేరే సమ్మేళనాలు పుట్టుకొస్తాయి, అప్పుడు చేసేదేమీ ఉండదు.

ఇప్పుడు రెండు బీకర్లు. మొదటిదాంట్లో బేరియం ఎసిటేట్‌ను 25 మి.లీ. గ్లేషియల్ (నీళ్లు దాదాపు లేని) ఎసిటిక్ యాసిడ్‌లో వేసి, 60-70 డిగ్రీల వేడి మీద స్టిర్రర్‌తో తిప్పండి. కరగనని మొండికేస్తే రెండు మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోయండి. తేటపడ్డాక దించి పూర్తిగా చల్లారనివ్వండి.

రెండోది ఎండిన బీకరు, నిజంగా ఎండినది. అందులో 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దానిలోకి టైటానియం ఐసోప్రొపాక్సైడ్, ఆ వెంటనే 2 మి.లీ. ఎసిటైల్ ఎసిటోన్ మెల్లగా. బీకరు వేడెక్కుతుంది, రంగు పసుపుకు తిరుగుతుంది. ఆ పసుపే మనకు గుర్తు: ఎసిటైల్ ఎసిటోన్ టైటానియాన్ని రెండు వైపులా పట్టుకుంది, ఇక నీళ్లు తగిలినా అంత తొందరగా విరగదు. కొన్ని వంటకాల్లో 2-మెథాక్సీ ఇథనాల్ వాడమంటారు. అది సంతానోత్పత్తికి హాని చేసేది, విద్యార్థుల ల్యాబులో నేనైతే పెట్టను. మే నెల ఎండల్లో మన దగ్గర ఈ పని సాఫీగా సాగిపోతుంది. వానాకాలంలో మాత్రం డ్రాపర్ కొస మీదే తెల్ల పొర కడుతుంది, చేయి చురుగ్గా ఆడాలి.

చల్లారిన బేరియం ద్రావణాన్ని చుక్కలుగా పసుపు బీకరులోకి వదలండి, స్టిర్రర్ ఆగకూడదు. అంతా తేటగా ఉంటే 60 డిగ్రీల దగ్గర అలాగే తిప్పుతూ ఉంచండి. ఎసిటిక్ యాసిడ్, ఆల్కహాల్ కలిసి ఎస్టర్‌గా మారేటప్పుడు కాస్త కాస్తగా నీరు పుడుతుంది. ఇప్పుడు టైటానియానికి కావలసింది అలాంటి నిదానపు నీరే. ద్రావణం లేత పాకంలా మొదలై ముదురు పాకానికి వచ్చాక స్టిర్రర్ మొరాయిస్తుంది. బీకరు వంచినా కదలకుండా, వెలుతురుకు పెడితే అవతలి వైపు కనబడేలా ఉంటే జెల్ కట్టినట్టు.

పాలలా తెల్లబడితే టైటానియం విడిపోయింది, పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. జెల్ తేటగానే ఉండి, ఆరుతున్నప్పుడు అంచుల్లో సన్నటి తెల్ల స్ఫటికాలు వస్తే బేరియం ఎసిటేట్ బయటికి వచ్చేస్తోందన్నమాట. దాన్ని కాలిస్తే మళ్లీ పాత పద్ధతి పొడిలాగే అవుతుంది.

బాగా వచ్చిన జెల్‌ను 110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి, అగేటు రోలులో నూరి, మూత బిగించి పెట్టుకోండి. వచ్చే పాఠం ఫర్నేస్ గురించి. అప్పటికల్లా ఒక అల్యూమినా క్రూసిబుల్‌ను ఖాళీగా కాల్చి, చల్లార్చి, తూకం రాసి ఉంచండి.