తోలు బెల్టులో తూటాలు వదిలెయ్యకండి
పర్లాకిమిడి వానల్లో ఇత్తడికి కూడా తెగులే. మా తాతయ్య లైసెన్సు రివాల్వరు బెల్టు అటక మీంచి దించితే, ప్రతి తూటా నడుముకీ ఆకుపచ్చ చిలుము! వేలికి మైనంలా అంటుకుంది. తప్పు వానది ఒక్కదానిదే కాదు, తోలుది. దాన్ని శుద్ధి చేసేటప్పుడు పట్టిన ఆమ్లాలూ కొవ్వూ ఇత్తడిని తింటాయి. బెల్టు ఊరేగింపులకి బాగుంటుంది గానీ, దాచడానికి పనికిరాదు.

తూటాలు గట్టిమూత డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పెట్టి తాళం వెయ్యండి. చిలుము పైపైనే ఉంటే పొడిగుడ్డతో తుడవండి. నూనె వద్దు, అది ప్రైమర్‌లోకి (తూటా అడుగున నిప్పు రాజేసే బిళ్ళ) దిగితే తూటా పేలకపోవచ్చు. ఇత్తడికి గుంటలు పడ్డాయా, కాల్చకుండా లైసెన్సున్న డీలరుకి అప్పగించండి. పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) వాడే తుపాకీ అయితే కాల్చిన రోజే గొట్టం వేడినీళ్లతో కడగాలి, ఆ మసి తేమని లాగుతుంది. ఆరాక నూనె గొట్టానికి రాయండి, దండిగా.