గీజరు కొలతల నుంచి నిరోధాన్ని, సామర్థ్యాన్ని లెక్కించే విధానం

ఒక హీటరు నిరోధాన్ని, అది తీసుకునే విద్యుత్ సామర్థ్యాన్ని తెలుసుకోవడానికి దాని కొసల మధ్య ఉండే వోల్టేజీ, దాని గుండా ప్రవహించే కరెంటు తెలిస్తే చాలు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం ఓమ్‌లలో వస్తుంది. ఆ రెండింటినీ గుణిస్తే సామర్థ్యం వాట్లలో వస్తుంది. జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన నియమమే మొదటి లెక్కకు ఆధారం.

ఇంట్లోని గీజరు పనిచేస్తున్నప్పుడు వోల్టేజీ 230 వోల్టులు, క్లాంప్ మీటరులో (తీగ చుట్టూ దవడలు బిగించి కరెంటు కొలిచే పరికరం) కరెంటు 8.7 ఆంపియర్లు ఉన్నాయనుకుందాం. నిరోధం 230 ÷ 8.7, అంటే సుమారు 26.4 ఓమ్‌లు; సామర్థ్యం 230 × 8.7, అంటే 2,001 వాట్లు. మీటరు దవడల మధ్య ఫేజ్ తీగ ఒక్కటే ఉండాలి. న్యూట్రల్ కూడా చేరితే ఎదురెదురు ప్రవాహాల ప్రభావం రద్దయి మీటరు దాదాపు సున్నా చూపుతుంది. తెరిచిన స్విచ్‌బోర్డు దగ్గర ఈ కొలతను అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేతనే తీయించాలని గట్టిగా చెబుతాను.

వోల్టేజీ 200కు పడిపోతే సామర్థ్యం కూడా అంతే నిష్పత్తిలో తగ్గుతుందని చాలామంది పొరబడతారు. నిజానికి, తీగచుట్ట నిరోధం దాదాపు మారదు కనుక కరెంటు కూడా సుమారు 7.6 ఆంపియర్లకు తగ్గి, 1,515 వాట్లే అందుతాయి. వోల్టేజీ 13 శాతం తగ్గితే వేడి దాదాపు పావువంతు తగ్గిందన్నమాట. నీళ్లు ఆలస్యంగా కాగడానికి కారణం ఇదే.

ఫ్యాను, నీటి మోటారు వంటి వాటికి మాత్రం వోల్టేజీ, కరెంటుల లబ్ధాన్ని పవర్ ఫ్యాక్టరుతో (ఆ లబ్ధంలో నిజంగా వినియోగమయ్యే వంతుతో) కూడా గుణించాలి.