కారు వాటర్ పంపు బిగించే ముందు జాగ్రత్తలు

- ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తియ్యండి.

- పాత గ్యాస్కెట్ (పంపుకూ ఇంజన్‌కూ మధ్య నీరు కారకుండా ఉంచే పొర) ముక్క ఒక్కటి మిగిలినా పంపు ఓరగా కూర్చుంటుంది. పుల్లీ వంకరపోయి బెల్టు అంచు అరుగుతుంది, బేరింగు మీద పక్క బరువు పడుతుంది, చివరికి సీలు కారుతుంది. కొత్త పంపుదే లోపమని చాలామంది పొరబడేది ఇక్కడే. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకండి. అల్యూమినియం మీద గీత పడకూడదు.

- డోవెల్ పిన్నులు (పంపు కూర్చునే చోటును గుర్తించే చిన్న లోహపు పుల్లలు) ఉన్న మోడలైతే, అవి ఊడిపోలేదు కదా? పంపును సరైన చోట నిలిపేవి అవే, బోల్టులు కావు. పంపు చేతి ఒత్తిడితోనే కూర్చోవాలి. బోల్టులతో లాగితే పంపుకుండే బోల్టు చెవులు పగులుతాయి.

- షాఫ్టు మీద సుత్తి వద్దే వద్దు.

- బోల్టులన్నీ వేళ్లతో ఎక్కించాక, ఎదురెదురుగా రెండు విడతల్లో బిగించండి. ఎం6 (6 మిల్లీమీటర్ల) బోల్టుకు బిగింపు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లు. మీ బండి మాన్యువల్ అంకెదే తుది మాట.

- బెల్టు వేసేముందు పుల్లీని చేత్తో తిప్పండి. గరగరమంటే ఇంపెల్లర్ (పంపు లోపల నీటిని తోసే రెక్కల చక్రం) ఎక్కడో తగులుతూ ఉండొచ్చు, విప్పాల్సిందే.