స్వీడన్ వెళ్తున్నారా? మీ ఇంటి కింద ఉండే బోరు గురించి

పదకొండేళ్లు స్టాక్‌హోమ్ శివారులో ఉండి మియాపూర్‌కి తిరిగొచ్చాను. మా కాలనీలో ఉద్యోగానికో చదువుకో స్వీడన్ బయలుదేరేవాళ్లు వచ్చి అడిగేవి దాదాపు ఒకటే: ఎన్ని స్వెట్టర్లు, ఏ పప్పులు, ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లాలా. ఇల్లు ఎలా వెచ్చబడుతుందని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. మొదటి చలికాలం ఆ తెలియనితనానికి కరెంటు బిల్లు రూపంలో డబ్బు కట్టాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి. మీరు ఊరి మధ్య అపార్ట్‌మెంట్‌లో దిగితే మీకు పెద్దగా పని లేదు. ఊరంతటికీ ఒకచోట నీళ్లు వేడిచేసి గొట్టాల ద్వారా పంపిస్తారు, చాలాచోట్ల అది అద్దెలోనే కలిసిపోతుంది. పిల్లలున్నారనో, కాస్త చోటు కావాలనో శివార్లలో విడి ఇల్లు, వరస ఇల్లు తీసుకునేవాళ్లే ఇది జాగ్రత్తగా చదవాలి. అలాంటి ఇంటి ప్రకటనలో ‘బెర్య్‌వర్మె’ అనే మాట కనిపిస్తే సంతోషించండి. దాని అర్థం రాతి వేడి. ఇంగ్లీషులో గ్రౌండ్ సోర్స్ హీట్ పంప్ అంటారు.

మన హైదరాబాదు వాళ్లకి ఇది అర్థం చేసుకోవడం తేలిక, ఎందుకంటే మనకి బోరు తెలుసు. బోరు బండి వీధిలోకి వచ్చిన రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. ఇంటాయన అడుగులు లెక్కపెడుతూ నిలబడతాడు. నాలుగు వందలు, ఆరు వందలు, ఇంకా పొడి దుమ్మే వస్తోందంటే గుండె జారిపోతుంది. స్వీడన్‌లోనూ అలాగే ఇంటి ముందు గట్టిరాతిలోకి బోరు వేస్తారు. మామూలు ఇంటికి 100 నుంచి 200 మీటర్లు, అంటే మన లెక్కలో 330 నుంచి 650 అడుగులు. తేడా ఏమిటంటే అక్కడ వెతికేది నీటిపాయ కోసం కాదు. రాయి ఎక్కడైనా రాయే, దాన్లో వేడి ఉంటుంది. కాబట్టి పాయింటు చూపించేవాళ్ల అవసరం లేదు, బోరు ఫెయిలవుతుందన్న టెన్షన్ లేదు. అయితే ముందుగా మునిసిపాలిటీకి చెప్పాలి, పక్కింటి బోరుకి తగినంత దూరం పాటించాలి.

స్టాక్‌హోమ్ దగ్గర అంత లోతున రాయి ఏడాది పొడవునా 7, 8 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట మైనస్ 15 ఉన్నా, జూలైలో 28 ఉన్నా అది పెద్దగా మారదు. మన ఊళ్లో బావి నీళ్లు ఎండాకాలం చల్లగా, చలికాలం పొద్దున్నే గోరువెచ్చగా అనిపించేది కూడా ఇందుకే. నీళ్లు మారవు, చుట్టూ గాలి మారుతుంది.

7 డిగ్రీల రాయితో ఇల్లెలా వెచ్చబడుతుందని మా అమ్మ అడిగింది. మంచి ప్రశ్న. ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడమన్నాను. లోపల చల్లగా ఉన్న నీళ్లలోంచి కూడా వేడిని లాగి వెనక్కి తోస్తుంది కాబట్టే అక్కడ వేడిగా ఉంటుంది. ఇదీ అంతే. బోరులోకి ఒక గొట్టం దించి, మళ్లీ పైకి తెస్తారు. అందులో గడ్డకట్టకుండా ఆల్కహాల్ కలిపిన నీళ్లు తిరుగుతుంటాయి. నడి చలికాలంలో సున్నాకి అటూ ఇటూగా ఉండే ఆ ద్రవం కిందికి దిగి, రాతి దగ్గర మూడు డిగ్రీల దాకా వేడి తీసుకుని పైకొస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ అంత పెట్టెలో ఉన్న కంప్రెసర్ ఆ కాస్త వేడినే పోగుచేసి, రేడియేటర్లలోనో నేల కింద గొట్టాల్లోనో తిరిగే నీళ్లని 35 నుంచి 50 డిగ్రీల దాకా తీసుకొస్తుంది. స్నానం నీళ్లు కూడా దాని చలవే.

లాభం ఇక్కడుంది. 1 యూనిట్ కరెంటు ఖర్చుపెడితే ఇంట్లోకి 3 నుంచి 4 యూనిట్ల వేడి వస్తుంది. మిగతాదంతా నేల ఇచ్చింది. ఏడాదికి 20,000 యూనిట్ల వేడి కావాల్సిన ఇల్లు అనుకుందాం. మామూలు కరెంటు హీటర్లతో అయితే 20,000 యూనిట్లూ మీటరు మీద తిరుగుతాయి. ఈ పంపుతో 6,000 చుట్టూ సరిపోతుంది. బయట గాలి నుంచి వేడి తీసుకునే పంపులు కూడా ఉన్నాయి, అవి చవక. కానీ మనకి వేడి ఎక్కువ కావాల్సిన రోజునే, అంటే బాగా గడ్డకట్టే రోజునే, వాటి శక్తి తగ్గిపోతుంది. రాతికి ఆ బాధ లేదు. పొగ గొట్టం లేదు, గ్యాస్ లేదు, కిటికీ పక్కన ఫ్యాను రొద లేదు. 1973లో చమురు ధర మండిపోయినప్పుడు దెబ్బతిన్న దేశం అది, అప్పట్లో ఇళ్లలో ఎక్కువగా నూనె బాయిలర్లే. ఆ దెబ్బ నుంచి నేర్చుకున్నారు. మీరు దిగే ఆర్లాండా ఎయిర్‌పోర్టు కూడా 2009 నుంచి భూమిలోపలి నీటిపొరలో చలికాలపు చల్లదనాన్ని దాచి ఎండాకాలం వాడుకుంటోంది. వేసవిలో వేడెక్కిన నీటితో చలికాలంలో విమానాలు ఆగే చోట మంచు కరిగిస్తారు.

ఇక మీరు చెయ్యాల్సింది. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని ఏసీలా వాడకండి. మనకి అలవాటు, గదిలోకి వెళ్లగానే రిమోట్ తీసుకుంటాం, బయటికి వచ్చేటప్పుడు ఆపేస్తాం. మొదటి చలికాలం నేను సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే పెంచేవాణ్ని, పొద్దున్నే తగ్గించేవాణ్ని. పొదుపు చేస్తున్నాననే అనుకున్నాను. ఒక్కసారిగా అంత వేడి అడిగితే పంపు అందించలేదు, అప్పుడు లోపలున్న మామూలు కరెంటు హీటరు సాయానికి వస్తుంది. అది మన గీజరులాంటిది, 1 యూనిట్‌కి 1 యూనిట్ వేడే ఇస్తుంది. జనవరి బిల్లు చూసి ఇంటి యజమానురాలికి ఫోన్ చేస్తే, ఆవిడ వచ్చి సెట్టింగు పాతచోటికి తెచ్చి, ‘దీన్ని వదిలెయ్యి, దాని పని అది చేసుకుంటుంది’ అంది. ఉత్తరపు గోడ మీద ఉండే చిన్న సెన్సరు బయటి చలి చూసి లోపల నీళ్ల వేడిని అదే సరిచేసుకుంటుంది. ఆ సెన్సరు మీద ఏదీ తగిలించకండి. ఇల్లు చల్లగా అనిపిస్తే ఒక్క మెట్టు పెంచి, పూర్తిగా ఒక రోజు ఆగండి. నేల కింద గొట్టాలుంటే రెండు రోజులు. కాంక్రీటు వేడెక్కడానికి టైమ్ కావాలి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు 21 డిగ్రీలు కూడా వాళ్లకి చలే, వాళ్లు దిగడానికి ముందురోజే పెంచండి.

రేడియేటర్ల ముందు సోఫా, మీద తడిబట్టలు వద్దు. వాటి మరలన్నీ మూసేస్తే నీళ్లు తిరగక పంపు ఊరికే ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. పడగ్గది ఒక్కటీ కాస్త తగ్గించుకోండి, చాలు.

వేడినీళ్ల ట్యాంకు మన ఇంటి గీజరు కంటే చాలా పెద్దదే. అయినా నలుగురు వరసగా పది నిమిషాలేసి షవర్ కింద నిలబడితే అయిపోతుంది, మళ్లీ కాగడానికి గంటకి పైనే పడుతుంది. ఎక్కువ వేడినీళ్లు ఇచ్చే బటన్ ఉంటుంది, చుట్టాలు వచ్చిన రోజుకి మాత్రమే దాన్ని నొక్కండి. ఇడ్లీపిండి ఆ ఇంట్లో రాత్రికి రాత్రి పొంగదు. పంపు పెట్టె వెచ్చగా ఉంటుందని దాని మీద పెడతారు కొందరు, దానికి వేడి బయటికి రాకుండా మందంగా పొర ఉంటుంది, లాభం లేదు. ఓవెన్‌లో లైటు మాత్రం వేసి అందులో పెట్టండి.

అదే బోరు కొన్ని ఇళ్లలో వేసవిలో చల్లదనం కూడా ఇస్తుంది. కంప్రెసర్ నడపక్కర్లేదు, చల్లటి ద్రవాన్ని తిప్పి ఫ్యానుతో ఇంట్లోకి ఊదితే చాలు. ఆ సౌకర్యం ఉందో లేదో అడగండి.

మరి హైదరాబాదులో ఇది పెట్టుకోవచ్చా అని కాలనీ మీటింగులో అడిగారు. ఆలోచించే చెప్తున్నాను, సొంత ఇంటికైతే వద్దు. మన రాయి 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో 42 డిగ్రీల గాలిలోకి తోసే వేడిని ఆ రాతిలోకి తోస్తే ఏసీకి పని తేలికే. కానీ స్వీడన్‌లో చలికాలం తీసుకున్న వేడిని వేసవి మళ్లీ నేలకి ఇస్తుంది. మనం ఏడాదంతా వేడిని లోపలికి తోస్తూనే ఉంటాం, తీసుకునే కాలం లేదు. ఏటికేడు రాయి వేడెక్కుతుంది. పైగా ఎండిపోయిన బోరులో వేడి సరిగ్గా పారదు. వేడినీళ్ల అవసరం ఎక్కువగా ఉండే ఆసుపత్రి, హోటల్ లాంటి చోట లెక్క వేరు. మనం ఆ డబ్బులో కొంత డాబా మీద ఎండని వెనక్కి కొట్టే తెల్లటి పూతకి, అంటే కూల్ రూఫ్‌కి పెట్టడం మేలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దానికి ఒక పాలసీయే తెచ్చింది.

సంతకం పెట్టే ముందు అడగాల్సినది ఇంకొకటి ఉంది. అద్దెలో వేడి కలిసిందా, లేదా? కలిస్తే ‘వార్మ్‌హీరా’, కలవకపోతే ‘కాల్‌హీరా’. రెండోదైతే కిందటి జనవరి, ఫిబ్రవరి కరెంటు బిల్లులు చూపించమనండి, జూలై బిల్లు చూసి మోసపోవద్దు. కరెంటుకి రెండు బిల్లులు వస్తాయి, ఒకటి కరెంటుకి, ఒకటి లైనుకి. దేశాన్ని నాలుగు ధరల ప్రాంతాలుగా విడగొట్టారు, దక్షిణాన మాల్మో వైపు సాధారణంగా ఎక్కువ.

తాళాలు చేతికొచ్చిన రోజు పంపు స్క్రీన్ మీద రెండు అంకెలు వెతకండి. కంప్రెసర్ ఎన్ని గంటలు నడిచింది, అదనపు కరెంటు హీటరు ఎన్ని గంటలు నడిచింది. వాటినీ మీటర్ రీడింగునీ ఫొటో తీసి యజమానికి పంపండి. నెల తర్వాత మళ్లీ చూడండి. రెండో అంకె గబగబా పెరుగుతుంటే ఏదో తప్పుంది, ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, బోరు ద్రవం ప్రెషర్ తగ్గి ఉండొచ్చు. మీరు విప్పకండి, యజమానికి ఆ రోజే చెప్పండి. మొదటి ఫొటో మాత్రం సూట్‌కేసులు విప్పకముందే తీసుకోండి.